టెక్నాలజీ ఇంత పెరిగాక కూడా చమురు, గ్యాస్ ఎందుకు చవక కాలేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చమురు త్వరలో అయిపోతుందని ఒకప్పుడు అందరూ అన్నారు, అయిపోలేదు. అమెరికాలో షేల్ (బిగుసుకున్న రాతిని పగలగొట్టి తీసే చమురు, గ్యాస్) వచ్చింది, సముద్రంలో రెండు కిలోమీటర్ల నీటి లోతులో కూడా బావులు తవ్వుతున్నారు. మరి ఖర్చు తగ్గాలి కదా, మన బంకులో ధర ఎందుకు తగ్గలేదు? కేజీ బేసిన్‌లో అంత గ్యాస్ ఉందన్నారు, అదేమైంది?

ముందు సూటిగా జవాబు చెప్తాను. టెక్నాలజీ వల్ల చమురు, గ్యాస్ లభ్యత బాగా పెరిగింది. తీసే ఖర్చు కొంత తగ్గింది. ధర మీద దాని పట్టు మాత్రం తక్కువ. పదిహేనేళ్ల కిందట తవ్విన బావినే ఇవాళ తవ్వితే చాలా చవగ్గా అయిపోతుంది. కానీ ఇవాళ తవ్వేది ఆ బావిని కాదు. తేలిగ్గా దొరికేవి అయిపోయి, అంతకన్నా లోతైనవి, బిగుసుకుపోయిన రాతిలోవి తవ్వుతున్నాం. రాయలసీమలో, తెలంగాణలో బోర్లు వేయించినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త రిగ్గులు వచ్చాక అడుగు తవ్వకానికి పట్టే సమయం పడిపోయింది, కానీ రెండొందల అడుగుల్లో పడే నీళ్లు వెయ్యి అడుగులకు దిగాయి. రైతు చేతి నుంచి పోయే మొత్తం మాత్రం పెరిగింది. చమురులోనూ ఈ రెండు శక్తులూ ఎదురెదురుగా లాగుతుంటాయి. ఏ పదేళ్లలో ఏది గట్టిగా లాగితే ఖర్చు అటు వెళ్తుంది.

ఇక వివరాలు.

"నిల్వలు ఇంకెన్నేళ్లు వస్తాయి" అన్న లెక్క తరచూ తప్పడానికి కారణం, నిల్వ అంటే భూమిలో ఉన్న చమురంతా కాకపోవడమే. ఇవాళ్టి పద్ధతులతో, ఇవాళ్టి ధరకు గిట్టుబాటుగా తీయగలిగిందే నిల్వ. కెనడా తారు ఇసుకలు దీనికి మంచి ఉదాహరణ. 2002 చివర్లో ఒక్క లెక్క మార్పుతో కెనడా నిల్వలు సుమారు 500 కోట్ల బ్యారెళ్ల నుంచి 18,000 కోట్ల బ్యారెళ్లకు ఎగబాకాయి. కొత్తగా ఒక్క బావిలో కూడా చమురు పడలేదు. అక్కడి అల్బెర్టా రాష్ట్రంలో ఆ తారు ఉందని అందరికీ ఎప్పటి నుంచో తెలుసు. రోజర్ బట్లర్ అనే ఇంజనీరు రూపొందించిన ఆవిరి పద్ధతి గిట్టుబాటు స్థాయికి రావడంతో అది నిల్వల ఖాతాలోకి ఎక్కింది. పద్ధతి ఇలా ఉంటుంది: రెండు అడ్డబావులను ఒకదాని మీద ఒకటిగా, సుమారు 5 మీటర్ల ఎడంతో తవ్వుతారు. పైదాంట్లోకి ఆవిరి పంపుతారు. తారు కరిగి కిందిదాంట్లోకి జారుతుంది. ఒక బ్యారెల్ తారుకు రెండున్నర నుంచి నాలుగు బ్యారెళ్ల నీటిని ఆవిరి చేయాలి. అందుకే ఇక్కడ ఖర్చు గ్యాస్ ధరతో ముడిపడి ఉంటుంది. ఆవిరి నిష్పత్తి నాలుగు దాటిన బావుల జత చాలాసార్లు నష్టంలోకి పోతుంది.

షేల్‌లో ఏం జరిగింది

లభ్యత పెరగడం అంటే ఏమిటో చూడాలంటే షేల్‌నే చూడాలి. అమెరికా ముడిచమురు ఉత్పత్తి 1970లో రోజుకు 96 లక్షల బ్యారెళ్లు. 2008కి 50 లక్షలకు పడిపోయింది. 2024లో 1.32 కోట్లు. అంతకన్నా గమనించాల్సింది రిగ్గుల సంఖ్య. 2014 అక్టోబరులో అక్కడ చమురు కోసం తవ్వుతున్న రిగ్గులు 1,609. 2024 మధ్యలో 480 ప్రాంతం. మూడో వంతు కన్నా తక్కువ రిగ్గులతో అప్పటికన్నా రోజుకు 40 లక్షల బ్యారెళ్లు ఎక్కువ తీశారు.

దీనికి ఒక్క ఆవిష్కరణ కారణం కాదు. జార్జ్ మిచెల్ కంపెనీ టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో 1981లో మొదటి బావి తవ్వింది. గిట్టుబాటు అయ్యింది 1990ల చివర్లో. అంతవరకు రాయి పగలగొట్టడానికి చిక్కటి జెల్ వాడేవారు, ఖరీదెక్కువ. నిక్ స్టైన్స్‌బర్గర్ అనే ఇంజనీరు జెల్ తీసేసి, కొద్దిగా జారుడు రసాయనం కలిపిన నీళ్లనే ఎక్కువ మొత్తంలో పంపి చూశారు. 1998లో ఒక బావిలో అది బ్రహ్మాండంగా పనిచేసింది, ఖర్చూ తగ్గింది. 2002లో డెవన్ కంపెనీ మిచెల్‌ను కొని, దీనికి అడ్డబావులను జతచేసింది. అక్కడి నుంచి పరుగు మొదలైంది.

ఇవాళ పశ్చిమ టెక్సస్‌లోని పర్మియన్ బేసిన్‌లో ఒక మామూలు బావి ఎలా ఉంటుందంటే: నిట్టనిలువుగా రెండున్నర, మూడు కిలోమీటర్లు దిగి, అక్కడ మలుపు తిరిగి, పొరలోనే అడ్డంగా 10,000 అడుగులు, అంటే మూడు కిలోమీటర్లు వెళ్తుంది. కేసింగ్ దింపి సిమెంటు పోశాక, చివరి కొస నుంచి వెనక్కి సుమారు 60 మీటర్ల చొప్పున ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్కకు ప్లగ్ వేసి, కేసింగ్‌కు చిన్న రంధ్రాలు కొట్టి, నిమిషానికి 80 నుంచి 100 బ్యారెళ్ల వేగంతో నీళ్లు, ఇసుక పంపుతారు. పంపు దగ్గర ప్రెషర్ 9,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉంటుంది. నీటి ప్రెషర్‌కు రాయి చీలుతుంది, ప్రెషర్ తీసేశాక ఆ చీలికలు మూసుకుపోకుండా ఇసుక అడ్డు నిలుస్తుంది. అడుగుకు 2,000 పౌండ్ల ఇసుక అనుకుంటే బావికి సుమారు 9,000 టన్నులు. అడుగుకు 45 బ్యారెళ్ల నీళ్లంటే బావికి ఏడు కోట్ల లీటర్లు.

ఈ ఇసుక సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఖర్చు అసలు ఎక్కడ తగ్గుతుందో దీనిలో కనిపిస్తుంది. మొదట్లో విస్కాన్సిన్ నుంచి గుండ్రటి, గట్టి తెల్ల ఇసుకను దాదాపు రెండు వేల కిలోమీటర్లు రైల్లో తెచ్చేవారు. ఇసుక ధరకన్నా రవాణా ఎక్కువయ్యేది. 2017-18 ప్రాంతంలో పశ్చిమ టెక్సస్ దిబ్బల ఇసుకనే తవ్వి, కడిగి, జల్లించి వాడటం మొదలుపెట్టారు. అది అంత గట్టిది కాదు, ఎక్కువ లోతులో కొంత నలుగుతుంది. అయినా ఖర్చులో మిగిలింది అంతకు మించింది కాబట్టి అందరూ దానికే మారారు. ఒకే చోట నుంచి ఎనిమిది, పది బావులు తవ్వడం, రిగ్గును విప్పకుండా పక్క బావి మీదికి నడిపించడం, ఒకే పంపుల జట్టుతో రెండు బావుల్లో ఒకేసారి రాయి పగలగొట్టడం కూడా ఈ కోవలోవే. ముప్పై రోజులు పట్టే తవ్వకం పది రోజులకు రావడంలో డ్రిల్ బిట్, దిశ మార్చే పరికరాలు ఎంత ముఖ్యమో ఈ పని పద్ధతులూ అంతే ముఖ్యం. వార్తల్లో కృత్రిమ మేధ పేరు వస్తుంది. డబ్బు మిగిలింది మాత్రం ఎక్కువగా ఇసుకలో, నీళ్లలో, ఖాళీగా నిలబడే గంటలు తగ్గించడంలో.

తగ్గిన ఖర్చంతా టెక్నాలజీ ఖాతాలో వేయకండి

చాలామంది పొరబడేది ఇక్కడే. 2014 జూన్‌లో బ్రెంట్ (ప్రపంచ మార్కెట్లో ప్రామాణికంగా చూసే ముడిచమురు) బ్యారెల్‌కు 115 డాలర్లు. ఆ నవంబరులో ఒపెక్ ఉత్పత్తి తగ్గించబోనని చెప్పింది. 2016 జనవరికి ధర 30 డాలర్ల కిందికి పడింది. ఆ ఏడాదిన్నరలో బావి ఖర్చు బాగా తగ్గినట్టు కంపెనీలు చూపించాయి. అందులో చాలా భాగం పని లేక రిగ్గుల వాళ్లు, పంపుల వాళ్లు రేట్లు కోసుకోవడం వల్ల వచ్చింది. లోతు సముద్రంలో బావులు తవ్వే ఓడలను, డ్రిల్‌షిప్‌లనే చూడండి. 2013-14లో రోజు అద్దె 6 లక్షల డాలర్ల దాకా పలికింది, తర్వాతి మాంద్యంలో 2 లక్షల కిందికి పడింది, 2023-24కి మళ్లీ నాలుగున్నర, ఐదు లక్షలకు ఎక్కింది. ఓడ అదే, పనీ అదే.

దీన్ని పట్టి చూపే లెక్క డల్లాస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఏటా చేసే సర్వేలో ఉంది. కొత్త బావి గిట్టుబాటు కావాలంటే ధర ఎంత ఉండాలని కంపెనీలనే అడుగుతారు. 2020లో సగటు 49 డాలర్లు. 2024లో 64. ఆ నాలుగేళ్లలో టెక్నాలజీ వెనక్కి పోలేదు, బావులు ఇంకా పొడుగయ్యాయి, తవ్వకం ఇంకా వేగమయ్యింది. కానీ ఉక్కు పైపు, డీజిలు, కూలి, వడ్డీ పెరిగాయి. మంచి స్థలాలు కొంత అయిపోయాయి. అదే 2024 సర్వేలో, తవ్వేసిన బావిని నడుపుతూ ఉండటానికి కావాల్సింది 39 డాలర్లే. ధర పడినా ఉత్పత్తి వెంటనే ఎందుకు ఆగదో ఈ రెండు అంకెల మధ్య తేడా చెప్తుంది.

కంపెనీల ప్రెజెంటేషన్లలో "మా బావులు 35 డాలర్లకే గిట్టుబాటు" అని కనిపిస్తుంది. ఇది పూర్తి అబద్ధం కాదు, సగం లెక్క. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. బావికి 80 లక్షల డాలర్లు, దాని జీవితకాలంలో 5 లక్షల బ్యారెళ్లు అనుకోండి. భూమి యజమానికి 25 శాతం రాయల్టీ పోగా కంపెనీకి మిగిలేది 3.75 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్‌కు తవ్వకం ఖర్చు 21 డాలర్ల పైచిలుకు. నడిపే ఖర్చు, రాష్ట్ర పన్ను, గొట్టాల చార్జీ కలిపి 15 వేసుకుంటే 36 అవుతుంది. ప్రెజెంటేషన్‌లో ఉండేది ఇది. భూమి కొన్న ధర, ఆఫీసు, నీటి గొట్టాలు, వడ్డీ, విఫలమైన బావులు కలిపితే ఇంకో 20, 25 డాలర్లు పెరిగి అరవైకి చేరుతుంది. ఎవరైనా గిట్టుబాటు ధర చెప్తే మొదట అడగాల్సింది ఇందులో ఏమేం కలిపారనే.

ఇంకో సంగతి. టెక్నాలజీ చాలాసార్లు పెంచేది మొత్తాన్ని కాదు, వేగాన్ని. షేల్ బావి ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే 60-70 శాతం పడిపోతుంది. రాతిలో ఉన్న చమురులో బయటికి వచ్చేది 5 నుంచి 10 శాతమే. మామూలు క్షేత్రాల్లో ప్రపంచ సగటు 35 శాతం దగ్గర ఉంటుంది. ఎక్కువ ఇసుక, దగ్గర దగ్గరగా చీలికలు పెడితే మొదటి ఏడాది అంకె గొప్పగా పెరుగుతుంది, మొత్తం అంతగా పెరగకపోవచ్చు. పక్కపక్కన బావులు మరీ దగ్గరగా తవ్వితే కొత్త బావి చీలికలు పాత బావి ఖాళీ చేసిన చోటుకే పరుగెడతాయి. అక్కడ ప్రెషర్ తక్కువ కదా. పాత బావిలోకి నీళ్లు, ఇసుక తోసుకొస్తాయి, కొత్త బావీ తక్కువ ఇస్తుంది. 2018-19లో చాలా కంపెనీలు ఇలా దెబ్బతిని, బావుల మధ్య దూరం మళ్లీ పెంచాయి.

నీళ్ల గొడవ దీనికి తోడు. పర్మియన్‌లో బ్యారెల్ చమురుతో మూడు, నాలుగు, కొన్ని చోట్ల ఐదు బ్యారెళ్ల ఉప్పునీరు వస్తుంది. దాన్ని లోతుగా భూమిలోకి పంపేస్తుంటే భూకంపాలు మొదలయ్యాయి. టెక్సస్ నియంత్రణ సంస్థ 2021 నుంచి కొన్ని ప్రాంతాల్లో ఆంక్షలు పెట్టింది. ఇప్పుడు ఆ నీటిని దూరం పంపాలి, శుద్ధి చేయాలి. తవ్వకంలో మిగిల్చిన డాలరు ఇక్కడ ఖర్చవుతుంది.

పోలండ్ సంగతి కూడా తెలుసుకోవాలి. ఐరోపాలో షేల్ గ్యాస్‌కు గొప్ప ఆశగా చెప్పిన దేశం అది. పెద్ద కంపెనీలన్నీ వచ్చి దాదాపు 70 బావులు తవ్వి వెళ్లిపోయాయి. అదే పరికరాలు, అవే కంపెనీలు, అర్జెంటీనాలోని వాకా మ్యుయెర్తాలో మాత్రం నిలదొక్కుకున్నాయి. తేడా రాతిలో ఉంది. బంకమట్టి ఎక్కువున్న రాయి పగలదు, నలిగి మళ్లీ మూసుకుంటుంది. మన దగ్గర ఓఎన్‌జీసీ 2011లో దుర్గాపూర్ దగ్గర తొలి షేల్ గ్యాస్ బావి తవ్వింది. తర్వాత గుజరాత్‌లోని కాంబే, మన కేజీ బేసిన్లలోనూ ప్రయత్నాలు జరిగాయి. వాణిజ్య స్థాయికి ఏదీ రాలేదు. బావికి ఏడు కోట్ల లీటర్ల నీళ్లు, వందల లారీల ఇసుక, ఎకరాల కొద్దీ స్థలం గోదావరి జిల్లాల్లో ఎక్కడి నుంచి తెస్తామన్నది రాయి సరిపడ్డా మిగిలే ప్రశ్న.

గ్యాస్ లెక్క వేరు

చమురు ఎక్కడ దొరికినా ట్యాంకర్‌లో పోసి పంపవచ్చు, ధర ప్రపంచమంతా దాదాపు ఒకటే. గ్యాస్ అలా కాదు, గొట్టం ఉన్నంత దూరమే. షేల్ వల్ల అమెరికాలో గ్యాస్ నిజంగానే చవకైంది. 2008 మధ్యలో యూనిట్‌కు (గ్యాస్‌ను వేడి లెక్కన కొలిచే పది లక్షల బీటీయూకు) 12 డాలర్లు దాటిన హెన్రీ హబ్ ధర, అంటే అమెరికా గ్యాస్ ప్రామాణిక ధర, 2012 ఏప్రిల్‌లో 2 డాలర్ల కిందికి వచ్చింది. 2024లో పశ్చిమ టెక్సస్‌లోని వాహా గ్యాస్ కేంద్రం దగ్గర చాలా రోజులు ధర సున్నా కిందికి పోయింది. అంటే తీసుకెళ్లేవాడికే ఎదురు డబ్బిచ్చారు. గ్యాస్ ఉంది, బయటికి పంపే గొట్టం చాల్లేదు.

ఆ చవక గ్యాస్ మన దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. దాన్ని మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై పరిమాణం 600వ వంతుకు తగ్గుతుంది, అప్పుడు ఓడలోకి ఎక్కుతుంది. మన ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ 2011లో అమెరికాలోని సబీన్ పాస్ నుంచి ఏటా 35 లక్షల టన్నులకు 20 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. మొదటి ఓడ 2018లో మహారాష్ట్రలోని దాభోల్ చేరింది. ఆ ధర సూత్రం హెన్రీ హబ్‌కు 115 శాతం, దానిపైన చల్లబరిచే రుసుము 3 డాలర్లు. హబ్ ధర 3 అనుకుంటే 3.45 ప్లస్ 3, అంటే 6.45. ఓడ కిరాయి సుమారు 2 వేసుకుంటే 8.45. ఇక్కడ మళ్లీ వాయువుగా మార్చి గొట్టంలో పంపడానికి ఇంకో డాలరు. మొత్తం తొమ్మిదిన్నర. మూడు డాలర్ల గ్యాస్‌లో బావి టెక్నాలజీ ఎంత గొప్పదైనా, మనం కట్టేదాంట్లో మూడింట రెండు వంతులు రవాణా, మార్పిడి ఖర్చే. ఓడలు, ప్లాంట్లు చవక కానిదే ఇది పెద్దగా తగ్గదు.

కేజీ బేసిన్ సంగతి

మీ ప్రశ్నలో అసలు బాధ ఇదే అనిపించింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

రిలయన్స్ బ్లాకు కేజీ డి6లో ధీరూభాయ్-1, 3 క్షేత్రాలు 2002లో దొరికాయి, 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. లోతు సముద్రంలో బావుల తలలు అడుగునే పెట్టి, గొట్టాలతో తక్కువ లోతులోని వేదికకు, అక్కడి నుంచి కాకినాడ దగ్గర గాడిమొగ టెర్మినల్‌కు తెచ్చారు. ఏడేళ్లలో అంత పని పూర్తి కావడం ఇంజనీరింగ్ పరంగా పెద్ద విజయం. ప్రణాళిక రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు. 2010లో 6 కోట్లు దాటింది. 2013-14కి కోటి దగ్గరికి పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ ఆగిపోయాయి. తీయగల గ్యాస్ 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు అనుకున్నది 3 లక్షల కోట్ల ప్రాంతానికి తగ్గించారు.

ఎందుకలా? అక్కడి ఇసుక పొరలు సముద్రపు అడుగున పాత కాలువల్లా మెలికలు తిరిగి పేరుకున్నవి. సీస్మిక్ చిత్రంలో, అంటే ధ్వని తరంగాలు పంపి తీసే భూగర్భ చిత్రంలో, గ్యాస్ ఉన్న ఇసుక తళతళా మెరుస్తూ కనిపిస్తుంది. ఒక ఇసుక మేట పక్కదానితో కలిసి ఉందా, మధ్యలో పల్చటి మట్టి గోడ ఉందా అన్నది అంత స్పష్టంగా కనిపించదు. అన్నీ కలిసి ఉంటే పది బావులు వంద మేటల గ్యాస్ తీస్తాయి. విడివిడిగా ఉంటే ఒక్కో బావి తన మేటనే ఖాళీ చేస్తుంది, ప్రెషర్ అనుకున్నదానికన్నా త్వరగా పడుతుంది, కింది నుంచి నీళ్లు పైకొస్తాయి, నీళ్లతో ఇసుక వస్తుంది. గ్యాస్ బావిలో నీటి స్తంభం నిలిస్తే ఆ బరువుకే బావి ఊపిరాడక ఆగిపోతుంది. ఒడ్డున అయితే రిగ్గు తెచ్చి కింది రంధ్రాలు మూసేస్తారు. వెయ్యి మీటర్ల నీటి కింద అదే పనికి డ్రిల్‌షిప్ కావాలి, అద్దె పైన చెప్పాను. చాలాసార్లు అది గిట్టదు.

దీని దెబ్బ తగిలింది వేమగిరి, సామర్లకోట, కొండపల్లి వంటి చోట్ల ఈ గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాలకు. అప్పటి 4.2 డాలర్ల ధరకు యూనిట్ కరెంటుకు ఇంధనం ఖర్చు రూపాయిన్నర ప్రాంతం. పైన లెక్కేసిన తొమ్మిదిన్నర డాలర్ల దిగుమతి గ్యాస్‌తో అదే ఐదున్నర నుంచి ఆరు రూపాయలవుతుంది. అందుకే అవి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. లభ్యత గురించిన అంచనా తప్పితే నష్టం బావి దగ్గరే ఆగదని చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు కనిపించదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. అదే బ్లాకులో ఆర్ క్లస్టర్ 2020 డిసెంబరులో, శాటిలైట్ క్లస్టర్ 2021లో, ఎంజే క్షేత్రం 2023లో మొదలయ్యాయి. ఆర్ క్లస్టర్ నీటి లోతు 2,000 మీటర్ల పైన. మూడూ కలిసి రోజుకు దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి చేరాయి. రెండు విషయాలు దీన్ని సాధ్యం చేశాయి. ఒకటి, ముందు కట్టిన గొట్టాలు, టెర్మినల్ ఉన్నాయి, వాటికే తగిలించారు. రెండు, కష్టమైన క్షేత్రాల గ్యాస్‌కు ప్రభుత్వం విడిగా గరిష్ఠ ధర పెట్టింది, 2022-24 మధ్య అది సుమారు 10 నుంచి పన్నెండున్నర డాలర్ల మధ్య నడిచింది. టెక్నాలజీ 2009లోనూ ఉంది. 4.2 డాలర్ల దగ్గర ఆ పొరలు భూమిలోనే ఉండిపోయేవి.

పక్కనే దీన్‌దయాళ్ క్షేత్రం మాత్రం రాయి ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూపిస్తుంది. 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగులని ప్రకటించారు. ఐదు కిలోమీటర్ల లోతు, అధిక ప్రెషర్, అధిక వేడి, బిగుసుకున్న ఇసుకరాయి. పగలగొట్టే ప్రయత్నాలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 2017లో 80 శాతం వాటా ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది. ఓఎన్‌జీసీ సొంత 98/2 బ్లాకులో 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. అది మైనం ఎక్కువున్న చమురు, చల్లటి సముద్రపు అడుగున గొట్టంలో గడ్డకడుతుంది. అందుకే గొట్టంలో గొట్టం పెట్టి, మధ్యలో వేడి పోకుండా రక్షణ ఇచ్చారు. అనుకున్న గడువుకు కొన్నేళ్లు ఆలస్యమైంది. లోతు సముద్రంలో ఆలస్యం అంటే పెట్టిన డబ్బు మీద వడ్డీ పెరగడమే.

పాత క్షేత్రాల్లో మిగిలింది తీయడం

దీని గురించి పత్రికలు తక్కువ రాస్తాయి, ఫలితం మాత్రం నికరంగా ఉంటుంది. రాజస్థాన్ బాడ్మేర్‌లోని మంగళ క్షేత్రం 2004లో దొరికింది, 2009లో ఉత్పత్తి మొదలైంది. చమురు చిక్కన, నీళ్లు పల్చన కాబట్టి, కిందికి పంపిన నీళ్లు చమురును తోయకుండా పక్కనుంచి దూరి బావికి వచ్చేస్తాయి. నీటిలో 0.2 శాతం ప్రాంతంలో పాలిమర్ (పొడుగు గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం) పొడి కలిపితే నీరు చిక్కబడి చమురును వరసగా ముందుకు నెడుతుంది. అక్కడ 2014-15 నుంచి పెద్ద ఎత్తున ఇదే చేస్తున్నారు. తప్పులు జరిగే చోట్లు తెలిసినవే: వాల్వుల దగ్గర నీటి వేగం ఎక్కువైతే పాలిమర్ గొలుసులు తెగి చిక్కదనం పోతుంది. నీటిలో ఆక్సిజన్, ఇనుము ఉన్నా అదే ఫలితం. చమురుతో తిరిగొచ్చిన పాలిమర్ హీటర్ల మీద పెంకులా అంటుకుంటుంది. పొర వేడి మరీ ఎక్కువైతే ఈ పద్ధతి పనికిరాదు, అందుకే అన్ని క్షేత్రాలకూ వాడలేం.

మరి బంకులో ధర?

ముడిచమురు ధరను నిర్ణయించేది అందరికన్నా చవగ్గా తీసేవాడు కాదు. గిరాకీ తీరాలంటే కావాల్సిన చిట్టచివరి, ఖరీదైన బ్యారెలే. సౌదీ తన చవక చమురును కోటాతో ఆపి ఉంచితే ఆ చివరి బ్యారెల్ టెక్సస్‌దో, లోతు సముద్రందో అవుతుంది. దాని ఖర్చు అరవై ఐదు దగ్గరుంటే ధర చాలాకాలం దానికి బాగా కిందుగా నిలవదు.

ఇక మన లెక్క. బ్యారెల్ 159 లీటర్లు. 70 డాలర్ల చమురంటే, డాలరు 85 రూపాయలు వేసుకుంటే, లీటరుకు 37 రూపాయలు. 2024లో హైదరాబాద్‌లో పెట్రోలు 107. మిగతాది శుద్ధి, రవాణా, డీలరు కమీషన్, కేంద్ర ఎక్సైజ్, దానిపైన తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. టెక్నాలజీ వల్ల బ్యారెల్‌కు 10 డాలర్లు తగ్గాయనుకోండి, అది ఎంతో పెద్ద విజయం, మనకు లీటరుకు పన్నులకు ముందు తగ్గేది 5 రూపాయల 35 పైసలు. అదీ పూర్తిగా వదిలితేనే. 2020లో చమురు కుప్పకూలినప్పుడు మార్చిలో ఎక్సైజ్ 3 రూపాయలు, మేలో పెట్రోలు మీద ఇంకో 10, డీజిలు మీద 13 పెంచారు. చవకదనం ఖజానాకు వెళ్లింది.

మీలాంటి ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక సలహా. "కొత్త టెక్నాలజీ, భారీ గ్యాస్ నిక్షేపం" అన్న వార్త చూడగానే నాలుగు విషయాలు వెతకండి. చెప్పిన అంకె భూమిలో ఉన్నదా, తీయగలిగేదా? ఎన్ని బావులు తవ్వి, ఎన్ని నెలలు పారించి చూశారు? ఒకటి, రెండు బావుల కొన్ని రోజుల పరీక్ష అయితే మేటలు కలిసి ఉన్నాయో లేదో ఇంకా తెలియనట్టే. దగ్గర్లో గొట్టం, టెర్మినల్ ఉన్నాయా, కొత్తవి కట్టాలా? కట్టాలంటే అయిదారేళ్లు కలుపుకోండి. చివరిది, ఏ ధర దగ్గర గిట్టుతుందని చెప్పారు, అందులో వడ్డీ కలిసిందా? ఈ నాలుగింట్లో రెండిటికి జవాబు లేకపోతే ఆ అంకె మీద ఆధారపడి భూమి కొనడం గానీ, షేర్లు కొనడం గానీ చేయకండి. కోనసీమలోనో, కాకినాడ తీరంలోనో మీకు ఏదైనా ప్రత్యేక క్షేత్రం గురించి సందేహం ఉంటే దాని పేరు, నీటి లోతు, పొర లోతు కింద రాయండి. పైన చెప్పిన పద్ధతిలో లెక్కేసి చెప్తాను.